నాలుగు పాయలు, ఒక్క మట్టము

మా ఉప్పలగుప్తము కాలువ చివరి ఊళ్లలో నొకటి. ధవళేశ్వరమున నిలిచిన గోదావరి నీరు బొబ్బర్లంక తలుపులగుండ మధ్య డెల్టాలోనికి దిగి, లొల్ల లాకులయొద్ద పంపకమై, అమలాపురము మీదుగా మా పొలములకు చేరునప్పటికి ఎందరి చేతులు మారినదో లెక్కించుట కష్టము. బ్యారేజి తలుపు నెత్తువా రొకరు, లాకు కాయువా రొకరు, గట్టు వెంబడి తిరుగు లస్కరు ఒకడు, బోదె తెరచు రైతు ఒకడు. వీరిలో ఏ ఒక్కరును తక్కినవారి పని చేయరు; తక్కినవారి పని చెడినచో తన పని నిలుపుకొనగలవాడును లేడు. నీరు వచ్చుట సగము కథ. వచ్చిన నీరు పొలము తడిపి మురుగు కాలువలోబడి సముద్రమునకు పోవలెను. ఆ దారి మూసికొన్న యేడు మా చేలు చెరువులగును.

పోయిన సంక్రాంతికి మా పొరుగింటి కుర్రవాడు హైదరాబాదునుండి వచ్చెను. అచటి కంపెనీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగము. పండుగనాటి రాత్రి భోజనములైన పిదప మేము అరుగుమీద కూర్చుండగా అతడు చెవికి ఫోను తగిలించుకొని వాకిట రెండు గంటలు పచారు చేసెను. అమెరికాలో నపుడు పగలట. వచ్చి ప్రక్కన కూలబడి యన్నాడు: "మూడు ఊళ్లలో మూడువందలమందిమి ఒకే పని మీదున్నామండి బాబాయిగారూ. ప్రోగ్రాము రాయడం కన్నా, ఎవరేం రాస్తున్నారో తెలుసుకోడానికే రోజంతా సరిపోతోందండి." మేము నవ్వి, "మా కాలవ మీటింగులు నువ్వెప్పుడూ చూళ్లేదురా అబ్బాయ్" అంటిమి. నవ్వితిమే గాని ఆ మాట మమ్ము విడువలేదు. వేలమంది కలసి ఒకే వస్తువును నిర్మించునపుడు ఆ వేలమంది పని యెట్లు అతుకవలెను? ఈ ప్రశ్న కంప్యూటరుతో పుట్టినది కాదు గదా యని తోచి, తెలిసినంత మేర వెనుకకు పోయి చూచితిమి.

దూరము పోనక్కరలేదు. 1839లో తుపాను కోరంగిని ముంచినది. కరవులు అంతకుముందే వచ్చి పోయినవి. 1821 నుండి 1841 వరకు రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య పెరుగుటకు మారుగా తగ్గినదని ఆనాటి ప్రభుత్వపు లెక్కలే చెప్పినవి. గోదావరి నిండుగా పారుచుండగనే గట్టు మీది జనము ఆకలిచే నశించిరి. అట్టి తరుణమున సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రతిపాదనను పంపెను. 1846 చివర కంపెనీ డైరెక్టర్ల అనుమతి దొరకినది; 1847లో పని మొదలై 1852లో ముగిసినది.

ధవళేశ్వరము నొద్ద నది ఒక్కటిగా లేదు. లంకల నడుమ నాలుగు పాయలై, ఈ యొడ్డునుండి ఆ యొడ్డునకు సుమారు నాలుగు మైళ్ల వెడల్పున నున్నది. కాబట్టి ఆనకట్టయు ఒక్కటి కాదు. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు కట్టడములు. రాతికట్టు భాగమే కలిపి చూచిన రెండుంబావు మైళ్లు. నాలుగు చోట్ల నాలుగు జట్లు పనిచేయవలెను. ఎండకాలము లోపల, వరద రాకముందే, ఆ యేటి పని ఒక దరికి రావలెను. సగము కట్టి విడిచిన చోటును జూన్, జూలై నెలల వరద ఊరకే పోనీయదు. ధవళేశ్వరపు కొండనుండి రాయి తీయువారు వేరు, ఆ రాతిని పట్టాలమీది బండ్లలో నదికి దొర్లించువారు వేరు, పడవవాండ్రు వేరు, సున్నము కాల్చువారు వేరు, తాపీవారు వేరు. రాయి ఆలస్యమైన తాపీవాడు ఊరక కూర్చుండును. తాపీవాడు ఆలస్యమైన రాయి గుట్టపడి దారికడ్డమగును.

ఈ నాలుగు జట్లును ఒకరి పనిలో నొకరు అడుగడుగునకు తలదూర్చనక్కరలేదు. విజ్జేశ్వరము వైపువారు ఏ గుంటలో సున్నము కలిపిరో ధవళేశ్వరము వైపువారికి తెలియకున్నను నష్టము లేదు. అయితే ఒక్క విషయమున మాత్రము అందరును ఒక్క లెక్కకు కట్టుబడవలెను. అది మట్టము. ఒక పాయలో కట్టిన కట్ట తలము లెక్క తప్పి దిగినచో నీరు ఆ పాయకే మొగ్గును. తక్కిన మూడు పాయలవారి శ్రమయు కాలువల తలుపుల లెక్కయు చెడును. పని ఎంతగా పంచవచ్చునో, దేనిని మాత్రము పంచరాదో, ఇంత స్పష్టముగా చూపు ఉదాహరణ మాకు మరియొకటి కనబడలేదు.

కాటన్ దొర కోరినంతమంది యింజనీరు ఉద్యోగులను ప్రభుత్వ మీయలేదు. పైగా 1848లో ఆయన జబ్బుపడి ఆస్ట్రేలియాకు పోవలసివచ్చెను. 1850లో గాని తిరిగిరాలేదు. ఆ నడిమి కాలమున కెప్టెన్ ఆర్ పని నడిపెను. తలయైనవాడు రెండేండ్లు లేకున్నను పని నిలువకుండుట సామాన్య విషయము కాదు. ఏది యెక్కడ, ఏ ఎత్తున, ఏ క్రమమున కట్టవలెనో ఒక్కరి తలలో దాగక కాగితము మీదికి ఎక్కియుండుటచేతనే అది సాధ్యమైనదని మా అభిప్రాయము. వీణెం వీరన్నగారిని కూడ ఇక్కడ తలచవలెను. వేలకొలది కూలివాండ్రను సమకూర్చి, వారి భాషలో వారికి పని చెప్పి, దొరల మాటను కూలివానికి, కూలివాని మాటను దొరలకు అందించిన తెలుగువా డాయన. కాటన్ దొర విగ్రహమునకు కోనసీమలో ప్రతి సెంటరున పూలదండ పడును; వీరన్నగారి పేరు అడిగిన పదిమందిలో ఎనమండుగురు తెల్లబోవుదురు. రెండు జట్ల నడుమ నిలిచి మాట అందించువాని శ్రమ కంటికి కనబడదు గాబోలు.

గన్నవరము అక్విడక్టు కథ దీనికి భిన్నమైనది. వైనతేయ పాయను దాటించి కాలువను నగరము లంకకు కొనిపోవు ఆ వంతెన 40 అడుగుల కమానులు 49 గలది. 1850ల తొలినాళ్లలో లెఫ్టినెంటు హేగ్ అను పడుచు ఉద్యోగి, చేతిక్రింద నలుగురైదుగురు పనినేర్చుకొనువారు తప్ప పెద్ద బలగము లేకయే, ఒక్క పని ఋతువులో దానిని నిలబెట్టెను. ఇటుకలు మోసినవారు వేలుండవచ్చును. ఆలోచించినవారు మాత్రము ఒక గదిలో పట్టునంతమంది. 2000వ సంవత్సరమున దాని ప్రక్కనే కొత్త అక్విడక్టు లేచి, అన్నదాతయైన డొక్కా సీతమ్మగారి పేరు దాల్చినది. పాత కమానులు నేటికిని ఆ ప్రక్కనే యున్నవి.

ఇక సాఫ్ట్‌వేరు వైపు వత్తము. 1964లో ఐ.బి.ఎం. కంపెనీ సిస్టమ్ 360 అను కంప్యూటర్ల వరుసను ప్రకటించినది. వాటిని నడుపు మూల ప్రోగ్రాము కొరకు ఒక దశలో వేయిమందికి పైగా పనిచేసిరి. 1963 నుండి 1966 వరకు దానికైన శ్రమ అయిదువేల మనిషి-సంవత్సరములని ఆ పనికి పెద్దయైన ఫ్రెడరిక్ బ్రూక్స్ తరువాత వ్రాసెను. పని ఆలస్యమైనది. ఆలస్యమైనదని మరికొందరిని చేర్చిరి. మరింత ఆలస్యమైనది. 1975లో తన పుస్తకమున బ్రూక్స్ ఈ అనుభవమునే సూత్రముగా చెప్పెను: వెనుకబడిన సాఫ్ట్‌వేరు పనికి కొత్త మనుష్యులను చేర్చిన అది ఇంకను వెనుకబడును.

మా రైతులకు ఇది మొదట వింతగా తోచును. ఊడ్పులకు పదిమందికి మారుగా ఇరువదిమంది దిగిన మడి సగము పొద్దులో ముగియును గదా. నిజమే. కాని ఊడ్చు ఆడువారు ఎవరి వరుస వారిదిగా వెనుకకు నడతురు. ప్రక్కవారి మునుము ఎక్కడికి వచ్చినదో కన్నుకొనలతో చూచిన చాలును. ప్రోగ్రాము వ్రాయువాని పని అట్టిది కాదు. తానొక పేరు మార్చిన ఎదుటివాని పని ఆగును. నలుగురున్నచో ఒకరితో నొకరు మాటాడుకొను జతలు ఆరు, పదిమందికి నలుబదియైదు. మా పొరుగింటి కుర్రవాని మూడువందలమందికి ఆ జతలు 44,850. ఈ లెక్క మేము కాగితము మీద వేసి చూపగా అతడు చాలసేపు చూచి, "అందుకేనండి నాకు రోజూ తలనొప్పి" అనెను.

అంతమంది అందరితో మాటాడలేరు. అందుచేత జట్లుగా చీలవలెను. చీలిన పిదప జట్టుకు జట్టుకు నడుమ మాట యెట్లు సాగవలెనో ఏర్పరచుకొనవలెను. అసలు చిక్కు ఇక్కడనే యున్నది. 1968 ఏప్రిలులో మెల్విన్ కాన్వే అను నతడు ఒక వ్యాసమున ఒక చిన్న మాట చెప్పెను. ఏ సంస్థ యైనను తాను నిర్మించు వస్తువునకు తన లోపలి సంభాషణల రూపునే ఇచ్చునట. నాలుగు జట్లు చేరి యొక యంత్రమును కట్టిన ఆ యంత్రము నాలుగు ముక్కలుగనే వచ్చును; ఏ రెండు జట్లు మాటాడుకొనవో ఆ రెండు ముక్కల అతుకే ఊడును. అదే సంవత్సరము అక్టోబరులో జర్మనీలోని గార్మిష్ పట్టణమున పలు దేశముల పండితులు కూడి, పెద్ద ప్రోగ్రాములు గడువునకు ముగియకుండుటను గూర్చి చర్చించిరి. 1972లో డేవిడ్ పార్నస్ మరియొక దారి చూపెను: ప్రతి భాగమును తన లోపలి ఏర్పాటును లోపలనే దాచుకొనవలెను, హద్దు దగ్గర ఏది ఇచ్చునో ఏది పుచ్చుకొనునో అంతమాత్రమే బయట పెట్టవలెను. చదివినంతనే మాకు ధవళేశ్వరము జ్ఞప్తికి వచ్చినది. సున్నపు గుంట ఎవరిది వారిది, మట్టము అందరిది.

ఆ మట్టమే తప్పిన యేమగునో 1999లో లోకమంతయు చూచినది. అంగారక గ్రహమునకు అమెరికావారు పంపిన ఉపగ్రహము ఆ యేటి సెప్టెంబరు 23న గ్రహమును చేరగనే నశించినది. దానిని నిర్మించిన కంపెనీ జట్టు ఇంజనుత్రోపు బలమును పౌనులలో లెక్కించి పంపగా, దారి చూపు జట్టు ఆ అంకెలను మెట్రిక్ కొలతలుగా తీసికొన్నది. రెండు జట్లలోను తెలివి తక్కువవారెవరును లేరు. మా ప్రాంతమున కుంచమన్నది భూమి కొలతయు, ధాన్యపు కొలతయు. కొత్తగా వచ్చిన గుమాస్తా ఒకడు ఆ రెంటిని కలగలిపి కౌలు చీటీ వ్రాసిన తమాషా మా చిన్ననాట పెద్దలు చెప్పగా వింటిమి. అక్కడ చీటీ చించి మరియొకటి వ్రాసిరి. అంగారకుని యొద్ద చించి వ్రాయుటకు వీలులేకపోయినది.

ఈ విద్య తెలుగునాటికి వేగముగ వచ్చినది. 1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ ప్రారంభమైనది. ఆ యేడే మైక్రోసాఫ్టువారు అచట తమ అభివృద్ధి కేంద్రమును నెలకొల్పిరి. అప్పటికే 2000 సంవత్సరపు తేదీ తంటా ముంచుకొని వచ్చుచుండెను. సంవత్సరమును రెండంకెలతోనే వ్రాసిన పాత ప్రోగ్రాములను సరిదిద్దుటకు వేలకొలది తెలుగు యువకులు సముద్రము దాటిరి. ఇంకను వేలమంది ఇక్కడనే కూర్చుండి అక్కడి పని చేసిరి. పని రెండు ఖండములకు చీలినది. ఇక్కడ సాయంత్రము ఆరు గంటలైనపుడు న్యూయార్కులో వేసవియందు ఉదయము ఎనిమిదిన్నర. ఒకరు దుకాణము మూయు వేళ మరియొకరు తెరతురు. పగలు రెండింతలైనది, పనియు రెండింతలగునని తొలినాళ్లలో అందరును సంబరపడిరి.

హెర్బ్స్లెబ్, మాకస్ అను నిద్దరు పరిశోధకులు 2003లో ప్రకటించిన లెక్క ఆ సంబరమును కొంత తగ్గించినది. ఒకే చోటివారు చేయు పనికన్న, పలు ఊళ్లవారు పంచుకొని చేయు అట్టి పనికే సుమారు రెండున్నర రెట్లు కాలము పట్టినదని వారు చూపిరి. కారణము దూరపువారి చేతగానితనము కాదు. ఊళ్లు మారినకొలది ఒక్కొక్క పనిలో తలదూర్చవలసిన మనుష్యులు హెచ్చుదురు. మనుష్యులు హెచ్చినకొలది ఆలస్యము హెచ్చును. ప్రక్క బల్లవానిని భుజము తట్టి అడుగవలసిన చిన్న సందేహము రాత్రియంతయు నిలిచి తెల్లవారి జాబు తెచ్చుకొనును. ఆ జాబు అర్థము కానిచో మరియొక రాత్రి. మా అరుగు ముందు పచారు చేసిన కుర్రవాని రెండు గంటలు ఈ లెక్కలోనివే.

దీనికి విరుగుడుగా ఎన్నో పద్ధతులు పుట్టినవి. 2001 ఫిబ్రవరిలో పదునేడుగురు నిపుణులు అమెరికాలోని యూటా కొండలలో కూడి, నిండు ప్రణాళికకన్న తరచు చేసి చూపుట మేలని ప్రకటించిరి. చిన్న జట్టు ప్రతి ఉదయము కొద్ది నిమిషములు నిలుచుండియే మాటాడుకొనును. ఒక్కొక్క జట్టునుండి ఒక్కొక్క ప్రతినిధి మరల పైసభలో కూడును. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తన లినక్సు పని కొరకు గిట్ అను సాధనమును తయారుచేసెను. ఒకరినొకరు ఎన్నడు చూడని వేలమంది వ్రాతలను, ఎవరెప్పుడేమి మార్చిరో చెదరకుండ, కలుపుట దాని పని.

ప్రతినిధుల పైసభ యనగానే మాకు మన 1997 నాటి చట్టము స్ఫురించినది. ఆ యేడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సాగునీటి నిర్వహణను రైతులకు అప్పగించు చట్టమును చేసి, రాష్ట్రమంతట పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘములకు ఎన్నికలు జరిపినది. బోదె క్రింది రైతులది నీటి సంఘము. ఆ సంఘముల అధ్యక్షులు కూడినది డిస్ట్రిబ్యూటరీ కమిటీ. దాని పైన ప్రాజెక్టు కమిటీ. యూటా కొండల ప్రకటనకు నాలుగేండ్ల ముందే మాకీ ఏర్పాటు కాగితము మీద నుండినది. కాగితము మీద నని యేల యంటిమనగా, కమిటీలు కొన్నేండ్లు నడచినవి, కొన్నేండ్లు ఎన్నికలే లేక నిద్రపోయినవి. మరల 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగినవి.

చట్టములు లేకయు కోనసీమ ఒక్క పని ప్రతియేడు చేయుచున్నది. కనుమనాడు జగ్గన్నతోటకు పదునొకండు గ్రామములనుండి పదునొకండు రుద్రుల ప్రభలు వచ్చును. గంగలకుర్రు ప్రభలు కౌశిక నీటిలో దిగి, మోయువారి మెడల వరకు నీరు వచ్చినను ఒరగకుండ, ఈవలి గట్టెక్కును. ఏ ప్రభ యే దారిని రావలెనో, దేని ముందు దేనిని లేపవలెనో వ్రాసిన పుస్తకము లేదు. చేలోనుండి ప్రభ నడచినను రైతు కాదనడు. దీనిని చూచి పెద్దపనులకు ఆచారమే చాలునని వాదించు మిత్రులు మాకున్నారు. మే మొప్పుకొనము. ప్రభ యేటేట అదే ప్రభ. దారియు అదే దారి. నీటి మట్టము, ప్రోగ్రాము, పంట ధర యేటేట మారునవి. అట్టివానికి ఆచారమొక్కటే చాలదు.

ఆ చాలమి 2011లో మా కనుభవమునకు వచ్చినది. ఆ యేటి ఖరీఫున కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించి దాదాపు లక్ష యెకరముల మాగాణిని ఊడ్చక విడిచిరి. కూలి ఖర్చు, గిట్టుబాటు కాని ధర, మురుగు పోక మునుగు చేలు. ఈ మూడును ప్రధాన కారణములు. ప్రభుత్వము విశ్రాంత ప్రధాన కార్యదర్శి మోహన్ కందాగారి అధ్యక్షతన కమిటీని వేసి విచారించినది. కాటన్ నాటినుండి నీటికి కరవెరుగని గడ్డ తనంత తాను బీడుపడి యుండుట చూచి వృద్ధులు కంటనీరు పెట్టిరి. మేమును ఆ యేడు ఊడ్చనివారిలో నుంటిమి. ఒక విషయము మాత్రము ఆనాడు మాకు తేటపడినది. నీరు తెచ్చువారు ఒక కార్యాలయమువారు, మురుగు తీయువారు మరియొక కార్యాలయమువారు, ఉపాధి కూలీలను పంపువారు మూడవ కార్యాలయమువారు. ఎవరి దస్త్రము చూచినను పని సక్రమముగనే యున్నది. చేను మాత్రము మునిగినది. ఈ మాట చెప్పగా కుర్రవాడు, "కాన్వేగారు మన ఊరొచ్చి రాసినట్టుందండి బాబాయిగారూ" అనెను.

తిరిగి పోయిన రెండు నెలలకు అతడు ఫోను చేసెను. మూడు ఊళ్ల పనిని ఒకటిగ కలిపిన దినమున తేదీలన్నియు తారుమారైనవట. అమెరికావారు నెలను ముందు వ్రాసిరి, హైదరాబాదువారు దినమును ముందు వ్రాసిరి. ఏ ఒక్కరును ఎదుటివారి నడుగలేదు. పన్నెండవ తేదీ దాటిన తరువాత గాని తప్పు బయటపడలేదట. వారము దినములు రాత్రింబవళ్లు కూర్చుండి సరిచేసికొనిరి. ఇపుడు వారు హద్దు వద్ద ఇచ్చిపుచ్చుకొను ప్రతి వస్తువునకు ఒక్క పుటలో ఒడంబడిక వ్రాసికొని, రెండు జట్లవారును చదివి చేవ్రాలు చేయనిదే పని మొదలిడరట.

ఈ వేసవి కాలువ కట్టిన రోజులలో మేము మురుగు కాలువ గట్టు వెంబడి నడచి చూచితిమి. మా యూరి పొలిమేర వరకు పూడిక తీసిరి. నీరు నిర్మలముగ నున్నది. అచటనుండి వేరొక పనివారి వంతు. ఆ హద్దు దాటగనే గుర్రపుడెక్క ఈ గట్టునుండి ఆ గట్టు వరకు దట్టముగ పరచుకొని యున్నది. దిగువనున్నది అదే గనుక, మా వైపు ఎంత తీసినను నీరు కదలదు. మేము అటువైపు నీటి సంఘపు అధ్యక్షునకు కబురంపితిమి. రేపు ఉదయము వచ్చి, ఇరువురమును కలసి సముద్రపు మొగ వరకు నడతమని ఆయన చెప్పి పంపినాడు.